గోల్కొండకి గైడ్ కావాలా? చప్పట్లు, సొరంగం, నగీనా బాగ్

హైదరాబాద్ వచ్చే చుట్టాలు, స్నేహితులు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. బిర్యానీ ఎక్కడ తినాలి, గోల్కొండలో గైడ్‌ని పెట్టుకోవాలా వద్దా. మొదటిదాని జోలికి నేను పోను, ఏం చెప్పినా తగాదాయే. రెండోదానికి మాత్రం చాలా ఏళ్ళు ఒకటే జవాబు చెబుతూ వచ్చాను. "గైడ్ ఎందుకండీ, కట్టుకథలు చెప్తారు, నాలుగు పేజీలు చదువుకుని మీరే తిరగండి" అని. ఆ జవాబు ఇప్పుడు మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. అదీ చెప్తాను, దాచుకోవడానికేం లేదు.

ముందు గోల్కొండ అంటే ఏమిటో ఒక్క మాట. మనం టికెట్ కొనుక్కుని వెళ్ళేది కోటలో ఒక భాగానికే. అసలు కోట గోడ ఊరు మొత్తాన్ని చుట్టి ఉంటుంది. 87 బురుజులు, 8 దర్వాజాలు అని లెక్క. ఆ గోడ లోపల ఈరోజుకీ జనం కాపురాలున్నాయి, బళ్ళున్నాయి, బేకరీలున్నాయి. ఊరి మధ్యలో దాదాపు 400 అడుగుల ఎత్తున్న రాతి గుట్ట, దాని చుట్టూ మరో గోడ, గుట్ట పైన బాలాహిసార్. టికెట్ ఆ గుట్ట భాగానికి.

ఈ తేడా తెలియక నేను మొట్టమొదటిసారి ఎంత నవ్వులపాలయ్యానో వినండి. చేతిలో ఒక పుస్తకం ఉంది. ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది అని అందులో ఉంది. ఇప్పుడు ఫోన్‌లో వెతికినా చాలాచోట్ల ఇదే మాట కనిపిస్తుంది. ఫతే దర్వాజా దగ్గర ఆటో దిగాను. అది బయటి కోట గోడకున్న దర్వాజా. దానిలోంచే బస్సులు, ఆటోలు, స్కూటర్లు పోతుంటాయి. ఆ హారన్ల మధ్యలో, కమాను కింద నిలబడి, శ్రద్ధగా చప్పట్లు కొట్టాను. నాలుగుసార్లు కొట్టాను. నన్ను దింపిన ఆటో ఆయన ఇంకా పోలేదు. కాసేపు చూసి, "సార్, అది ఇక్కడ కాదు, లోపల" అన్నాడు. మళ్ళీ అదే ఆటో ఎక్కాను.

నిజంగా చప్పట్లు కొట్టాల్సింది బాలాహిసార్ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటం కింద. అంటే పుస్తకం పట్టుకుని నా అంతట నేను తిరిగిన మొదటిరోజే, తప్పు దర్వాజా దగ్గర నిలబెట్టింది నా చదువు. ఆ పాఠం నేను నేర్చుకోలేదు. తర్వాత కూడా "గైడ్ ఎందుకండీ" అనే అంటూ వచ్చాను.

సరే, గుమ్మటం దగ్గరికి వద్దాం. ఆదివారం పదకొండు గంటలకి అక్కడికి వెళ్ళి చూడండి. మూడు స్కూళ్ళ పిల్లలు, రెండు టూరిస్టు బస్సుల జనం, కొత్తగా పెళ్ళయిన జంటలు, అందరూ ఒకేసారి చప్పట్లు కొడుతుంటారు. కొట్టి, తల పైకెత్తి, ఏదో వినిపిస్తుందేమోనని చూసి, వెళ్ళిపోతారు. ఏమీ వినిపించదు. ఎందుకు వినిపిస్తుంది? ఆ ఏర్పాటు కింద కొట్టేవాడి కోసం కాదు కదా, పైన కాపలా ఉన్నవాడి కోసం. ఎవరో వచ్చారు, వచ్చింది మనవాడా పగవాడా అని కొండ మీదికి కబురు పంపడానికి. కింద నిలబడి తన చప్పట్లు తనే వినాలనుకోవడం, ఉత్తరం రాసి తనకే పోస్టు చేసుకోవడం లాంటిది.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. గైడ్ దగ్గర దొరికింది. కొన్నేళ్ళ కిందట మా ఊరి నుంచి వచ్చిన బంధువులు పట్టుబట్టి ఒక గైడ్‌ని మాట్లాడారు. నేను ముఖం మాడ్చుకునే వెంట నడిచాను. ఆయన గుమ్మటం కింద అందరిలాగా చప్పట్లు కొట్టించలేదు. మమ్మల్ని రెండుగా విడదీశాడు. సగంమంది పైకి పోవాలి, సగంమంది కిందే ఉండాలి. పైకి చేరినవాళ్ళు బాలాహిసార్ దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, కిందవాళ్ళు జనం కొంచెం పలచబడ్డాక చప్పట్లు కొట్టాలి. నేను పైకెక్కిన సగంలో ఉన్నాను. రొప్పుతూ నిలబడ్డాను. ముందు ఏమీ లేదు. గాలి, కింద ఎక్కడో ఊరి రొద. తర్వాత టప్, టప్, టప్. పక్క గదిలో ఎవరో కొట్టినట్టు మూడు చప్పుళ్ళు. కింద మనుషులు చీమల్లా ఉన్నారు. ఎవరు కొట్టారో కంటికి ఆనడం లేదు, చప్పుడు మాత్రం వచ్చింది.

గుమ్మటం లోపలి వైపు చూడండి. నున్నగా ఉండదు. వజ్రానికి సాన పట్టినట్టు పలకలు పలకలుగా ఉంటుంది. చప్పుడు ఆ పలకలకి తగిలి చెదిరిపోకుండా పోగై పైకి పోతుందని ఆయన చెప్పాడు. ఆ పక్కనే ఇంకో కట్టడంలో గోడ మూలకి ముఖం పెట్టి గుసగుసగా మాట్లాడితే ఎదుటి మూలలో వినిపించేది కూడా చూపించాడు. ఇవన్నీ ఎవరో ఒకరు అవతలి చివర నిలబడితేనే తెలిసేవి. ఒంటరిగా పుస్తకం పట్టుకుని తిరిగేవాడికి జన్మలో తెలియవు.

నీళ్ళ సంగతి కూడా అంతే. గోల్కొండలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది నీళ్ళే. అంత ఎత్తు రాతి గుట్ట. పైన రాజు, పరివారం, సైన్యం. నీళ్ళెక్కడివి? దుర్గం చెరువు నుంచి కోటకి తాగునీళ్ళు వచ్చేవని చెబుతారు. ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగుతారే, ఆ చెరువే. వచ్చిన నీటిని మెట్టుమెట్టుగా కట్టిన తొట్లలోకి చక్రాలతో తోడి ఎత్తేవాళ్ళు. అక్కడి నుంచి మట్టి గొట్టాల్లో గదులకి, తోటలకి పారించేవాళ్ళు. ఆ గొట్టాల ముక్కలు గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. నేను అంతకుముందు అరడజను సార్లు ఆ గోడల పక్కగానే నడిచాను, ఒక్కటీ చూడలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక ఎటు చూసినా అవే.

ఇక పైకి ఎక్కుతుంటే దారిలో అంబర్‌ఖానా వస్తుంది, ధాన్యం కొట్టు. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, 1642లో కట్టినట్టు అక్కడ నల్లరాతి మీద ఫారసీ శాసనం ఉండేది. దానికి దగ్గర్లోనే రామదాసు జైలు. మన తెలుగువాళ్ళు గోల్కొండ వచ్చేది సగం దీనికోసమే. కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు, సర్కారుకి కట్టాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాములవారి గుడి కట్టించాడని, తానీషా పన్నెండేళ్ళు ఖైదు వేయించాడని, చివరికి రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారని మనందరికీ తెలిసిన కథ. ఆ గదిలో రాతి మీద సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు చెక్కి ఉంటారు. పైన ఒక కంత. అందులోంచే వెలుగు.

మాతోపాటు ఆరోజు భద్రాచలం దగ్గర పల్లెటూరి పెద్దావిడ ఒకరు కలిశారు. మా బంధువులకి తెలిసినవాళ్ళ అమ్మగారు. మోకాళ్ళ నొప్పులు. అయినా మెట్టుకోసారి ఆగుతూ అంతదూరం ఎక్కింది. ఆ గదిలోకి రాగానే చెప్పులు బయట విడిచింది, గోడకి చేతులు ఆనించి నిలబడింది. "ఇక్కడేనా బాబూ మా గోపన్న కూచుంది" అని గైడ్‌ని అడిగింది. ఆయన "ఇక్కడే అమ్మా" అన్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనకాల జనం తోసుకొస్తున్నారు, ఫొటోల కోసం. గైడ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆవిడకి ఒక నిమిషం ఇప్పించాడు. అప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

నా పొరపాటు దిగేటప్పుడు జరిగింది. దిగే దారి నిట్రంగా ఉంటుంది, రాణీమహళ్ళ వైపు తీసుకెళ్తుంది. అక్కడ మూసేసిన ఒక సందు చూపించి గైడ్ మొదలుపెట్టాడు. ఇక్కడి నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉంది, ఆపదొస్తే రాజుగారు గుర్రం మీద పోయేవాడు అని. నాకు తిక్క రేగింది. అందరి ముందూ అందుకున్నాను.

ఏమన్నానో చెప్తాను, ఎందుకంటే చరిత్రగా అది తప్పు కాదు. 1685లో మొగలు సైన్యం, యువరాజు షా ఆలం కింద, హైదరాబాద్ మీదికి వచ్చింది. సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో కలిసిపోయాడు. అబుల్ హసన్, అంటే మన తానీషా, ఎవరినీ సంప్రదించకుండా రాత్రికి రాత్రి నగరం విడిచి గోల్కొండలోకి వచ్చేశాడు. ఆ రాత్రి గురించి ఖాఫీఖాన్ అనే మొగలు చరిత్రకారుడు వివరంగా రాశాడు. దొరికిన విలువైన వస్తువులు పెట్టెల్లో వేసుకుని రాజు పోవడం, వెనకాల ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు సవారీలు దొరక్క కాలినడకన కోటకి పరుగెత్తడం, నగరం దోపిడీ. ఇదంతా చీకట్లో, భూమి మీద. సొరంగమే ఉంటే ఆ ఆడవాళ్ళు వీధిన పడాల్సిన పనేముంది? రెండేళ్ళ తర్వాత ముట్టడిలో ఎనిమిది నెలలు కోటలో చిక్కుకున్నవాడు అందులోంచి ఎందుకు జారుకోలేదు?

ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అక్కడితో ఊరుకున్నానా? కోహినూర్ సంగతి ఎత్తాను, గోల్కొండ కొండలో వజ్రాల గని అంటూ ఏదీ లేదన్నాను. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఉండేవి, ఇక్కడ జరిగింది వ్యాపారం అన్నాను. తారామతి గొంతు మూసీ ఒడ్డు నుంచి కోటలో రాజుకి వినిపించేదన్నది కథ అన్నాను. మా వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకు భలే సంతోషంగా ఉంది.

అప్పుడు ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "అయితే బాబూ, గోపన్న జైలు కూడా ఉత్తదేనా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఏం చెప్పాలి? ఆ గది కొట్టుగదిగా కట్టింది అయ్యుంటుంది, గోపన్నని పెట్టింది ఆ గదేనని ఆ కాలపు రాత ఏదీ లేదు అని చెప్పాలా? నిజమే. కానీ ఆ మాట, ఆ క్షణంలో, ఆవిడ చెవిలో ఎలా పడుతుంది? పోనీ "నిజమేనమ్మా" అందామంటే, ఇప్పటిదాకా వాయించిన ఉపన్యాసం ఏమవ్వాలి? "అది... అంటే..." అని నసుగుతున్నాను.

గైడే అందుకున్నాడు. "అమ్మా, గోపన్నని ఖైదుల ఏసిన్రన్నది నిజం. ఆయన పడ్డ బాధ ఆయన పాటలల్లనే ఉంది. ఏ అర్రల పెట్టిన్రో రాసిపెట్టినోళ్ళు లేరు. ఈ అర్ర అని మా పెద్దలు చెప్పుకుంట వచ్చిన్రు, మేం చెప్తున్నం." ఆవిడ తల ఊపింది. అంతే చాలు ఆవిడకి.

చూడండి, అది నేను చెప్పాల్సిన జవాబు. ఏది ఖాయం, ఏది ఆనవాయితీగా వచ్చింది, మధ్య గీత ఎక్కడ, అన్నీ మూడు వాక్యాల్లో ఉన్నాయి. ఆవిడ మనసు కష్టపెట్టలేదు, అబద్ధమూ ఆడలేదు. తర్వాత గేటు దగ్గర ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. ఇంత తెలిసినవారు సొరంగం కథ ఎందుకండీ అని. ఆయన నవ్వాడు. "సార్, సొరంగం చూపియ్యకపోతే పైసలెగ్గొట్టినమంటరు. ఇంటికాడి నుంచే సొరంగం చూడాల్నని వస్తరు. మీరు ఒక్కరోజు చెప్తరు, నేను రోజూ చెప్పాలె." ఆరోజు మా గుంపులో కొందరు నా మాటలు విని ఆయనకి ఇవ్వాల్సిన డబ్బు దగ్గర బేరం మొదలుపెట్టారు కూడా, "అన్నీ అబద్ధాలేగా చెప్పింది" అని. నాకు సిగ్గేసింది. మాట్లాడుకున్న మొత్తం ఇప్పించి, పైన నేను కొంత ఇచ్చాను. ఇచ్చినంతమాత్రాన సరిపోయిందని కాదు.

అయితే మరి గైడ్‌ని పెట్టుకుంటే చాలా అంటే, చాలదు. అందుకు కారణం నగీనా బాగ్.

బాలాహిసార్ దర్వాజా దాటి కొంచెం ముందుకి పోగానే వచ్చే తోట అది. పెద్దగా చూసేదేం ఉండదు. పచ్చిక, కమాన్లు. చప్పట్లు అయిపోయి, మెట్లెక్కే తొందరలో జనం దాని పక్కగా పోతారు. మా గైడ్ కూడా "ఇది నగీనా బాగ్" అని నడిచేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. అక్కడ చప్పుడు చేసే గోడ లేదు, సొరంగం లేదు. వెనకాల ఇంకో గుంపు తరుముతోంది.

నేను తర్వాత ఒక్కణ్ణే వెళ్ళాను, చలికాలం పొద్దున, గేటు తీయగానే. ఇదిగో, అక్కడ కూర్చుని ఏం తలుచుకున్నానో చెప్తాను.

1687 జనవరి చివర్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండని ముట్టడించాడు. అంతకుముందు సంవత్సరమే అక్కన్న మాదన్నల్ని గోల్కొండ వీధిలో చంపేశారు, వాళ్ళని తప్పిస్తే మొగలులు శాంతిస్తారన్న ఆశతో. మొగలులు శాంతించలేదు. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందు పెడితే, అది వెనక్కి పేలి వాళ్ళ మనుషులే పోయారు. వానలు ముంచెత్తాయి. దండులో కరువు. అగడ్త పూడ్చడానికి మట్టి నింపే గుడ్డ సంచులు కావాలంటే, మొదటి సంచిని చక్రవర్తే వజూ చేసుకుని తన చేత్తో కుట్టాడట. ఒక రాత్రి కొందరు నిచ్చెనలతో గోడ ఎక్కబోతే ఒక కుక్క మొరిగి కాపలావాళ్ళని లేపింది. అబుల్ హసన్ ఆ కుక్కకి బంగారు గొలుసు, పట్టీ చేయించి తన దగ్గరే ఉంచుకున్నాడట. ఇవన్నీ ఖాఫీఖాన్ రాసినవే. ఆయన రాసింది కొన్ని దశాబ్దాల తర్వాత, మంచి కథ దొరికితే ఆయనా వదిలే రకం కాదు. అంటే నేను నమ్ముకున్న పుస్తకంలో కూడా ఒక గైడ్ ఉన్నాడన్నమాట. ఈ సంగతి ఆరోజు సొరంగం దగ్గర నాకు గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

చివరికి కోట పడింది ఫిరంగులతో కాదు. సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పనీ అనే కోటలోని సర్దారు లంచం తీసుకుని తన కాపలాలో ఉన్న చిన్న దర్వాజా తీశాడు. మొగలులు లోపలికి దూరి పెద్ద ద్వారం తెరిచారు. గొడవ విని అబ్దుల్ రజాక్ లారీ, అప్పటిదాకా ఎన్ని ఆశలు చూపినా లొంగనివాడు, జీను కూడా వేయని గుర్రమెక్కి, చేతికందినంతమందితో ఎదురెళ్ళాడు. వంటినిండా గాయాలు, దాదాపు డెబ్బై అని రాశారు. కళ్ళకి రక్తం కమ్మింది, పగ్గం పట్టే బలం లేదు. గుర్రమే ఆయన్ని మోసుకుంటూ వచ్చి నగీనా తోటలో ఒక పాత కొబ్బరిచెట్టు దగ్గర ఆగింది. ఆ చెట్టుని పట్టుకుని కిందికి జారాడు.

ఈ తోటలోనే. టికెట్ చింపుకుని లోపలికి వచ్చిన పది నిమిషాల్లో మనందరం దాటిపోయే తోట.

ఔరంగజేబు ఆయనకి ఇద్దరు శస్త్రవైద్యుల్ని పంపించాడు, ఒకరు ఫిరంగి, ఒకరు హిందువు. బతికాడు. కొలువులో చేరమంటే అబుల్ హసన్ ఉప్పు తిన్నవాణ్ణి అని మొదట ఒప్పుకోలేదు. తర్వాత చేరాడు లెండి, మనుషులు బతకాలి కదా. అదే రాత్రి పైన అంతఃపురంలో మొగలు సర్దారులు పట్టుకోవడానికి వస్తే, అబుల్ హసన్ తొణక్కుండా వాళ్ళని కూర్చోబెట్టి, వేళయింది, భోజనం చేసి బయల్దేరతానన్నాడట. తర్వాత ఆయన్ని దౌలతాబాద్ కోటలో పెట్టారు. పన్నెండేళ్ళు దాటాక అక్కడే పోయాడు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. గోపన్నని ఖైదులో పెట్టింది పన్నెండేళ్ళని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఈ రెండు పన్నెండ్ల మధ్య ముడి వేసే కథలు కూడా విన్నాను. నేను వేయను.

గైడ్‌తో గుంపులో ఉంటే ఆ తోటలో ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం కుదరదు. గంట సేపటికి మాట్లాడుకున్న మనిషికి తోటలో కూర్చోబెట్టే తీరిక ఉండదు. ఇంకోటి కూడా ఉంది. బాలాహిసార్ దర్వాజాకి ఎదురుగా బయటే ఉన్న జామి మసీదు. సుల్తాన్ కులీ 1518లో స్వతంత్రం ప్రకటించుకున్నాడని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అదే ఏడాది కట్టిన ఆ మసీదు శాసనంలో బహమనీ సుల్తాన్ పేరే ఉంది. టికెట్ క్యూలో నిలబడ్డవాళ్ళెవరూ అటు తిరిగి చూడరు.

కాబట్టి ఇప్పుడు నన్నడిగితే ఏం చెప్తానంటే, మొదటిసారి వెళ్తుంటే గైడ్‌ని పెట్టుకోండి. మీ గుంపుకి మాత్రమే, ఇంకో గుంపుతో కలపకుండా. గుర్తింపు కార్డు చూడండి, ఎంత డబ్బు, ఎంతసేపు, కొండ పైదాకా వస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. తేల్చుకునేముందు ఒక్క ప్రశ్న వేయండి, "కొండ మీదికి నీళ్ళు ఎలా ఎక్కాయండీ?" అని. ఆ ప్రశ్నకి ముఖం విప్పారి చెప్పడం మొదలుపెట్టారా, ఆ మనిషిని వదలకండి. "అదంతా పైకెళ్ళాక చూద్దాం, సొరంగం చూపిస్తా రండి" అన్నారా, ఇంకొకరిని అడగండి. చప్పట్ల దగ్గర మాత్రం మీవాళ్ళలో ఒకరిని ముందే పైకి పంపండి.

అంబర్‌ఖానా, రామదాసు జైలు అయ్యాక గైడ్‌కి డబ్బిచ్చి నమస్కారం పెట్టండి. అక్కణ్ణుంచి మీ అంతట మీరు వెళ్ళండి. దిగేటప్పుడు మీ ఇష్టం వచ్చినచోట ఆగండి. ఈ పద్ధతికి మా బంధువులు నవ్వారు, పూర్తి డబ్బిచ్చి సగంలో పంపించేయడం ఏమిటని. నాకైతే అదే బాగుంది.

ఎవరికి గైడ్ అక్కర్లేదో కూడా చెప్పాలి. ఆషాఢమాసంలో బోనమెత్తుకుని జగదాంబ అమ్మవారి దగ్గరికి వచ్చేవాళ్ళకి. జంటనగరాల్లో బోనాలు మొదలయ్యేది ఇక్కడే. ఆ రోజుల్లో కొండంతా జనం. వాళ్ళకది చారిత్రక కట్టడం కాదు, అమ్మ ఇల్లు. దారి వాళ్ళకి తెలుసు. చరిత్ర చూద్దామని ఆ ఆదివారాల్లో మీరు వెళ్ళకండి, బోనాలు చూద్దామనుకుంటే మాత్రం తప్పకుండా వెళ్ళండి.

ఆ పెద్దావిడ మళ్ళీ కలవలేదు. గైడ్ మాత్రం మొన్న కనిపించాడు, గుమ్మటం కింద. నన్ను గుర్తుపట్టాడు. వెంట ఉన్న గుంపుకి నన్ను చూపించి, "సార్ ఉన్నడు, సొరంగం గురించి సార్‌నే అడగండి" అన్నాడు నవ్వుతూ. నేను అడ్డంగా తలూపి, నగీనా బాగ్ వైపు నడిచాను. కాసేపటికి వెనక్కి చూస్తే ఆయన గుంపుని తోట దగ్గర ఆపి ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో నాకు వినిపించలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి వెళ్దాం. అబుల్ హసన్ సమాధి అక్కడ ఎందుకు లేదో ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి, ఉన్నవాళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.